బీరప్ప మంద లేపిన రోజు

కొత్తగా చేరిన బీటు ఆఫీసర్లకు నాలుగు మాటలు చెప్పమని ఆమధ్య నన్ను పిలిచారు. అటవీశాఖలో రేంజి ఆఫీసరుగా రిటైరైనదాన్ని కదా, ఏదో ఒకటి చెప్పకపోతుందా అని వాళ్ల ఆశ. నా మాటలయ్యాక వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, సర్వీసులో మీకు బాగా భయమేసింది ఎప్పుడు?" అని అడిగింది. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్లంతా తలలెత్తారు. చిరుత కథో ఎలుగుబంటి కథో వస్తుందనుకున్నారు పాపం.

"శెనక్కాయల గోనెసంచి చూసినప్పుడు" అన్నాను. ఘొల్లున నవ్వారు.

నవ్వితే నవ్వారు గానీ నేను చెప్పింది నిజమే. ఆ సంచిలో నాలుగు తోడేలు పిల్లలున్నాయి. మర్నాటి పొద్దుటికి వాటి ఇంటివాళ్లకు వాటిని అప్పజెప్పలేకపోతే, ఎక్కడో దూరాన జంతుప్రదర్శనశాల బోనులో వాటి బతుకు తెల్లారిపోతుంది. అంత తక్కువ టైములో అంత కంగారు నేనెప్పుడూ పడలేదు. ఆ రోజు సభలో భోజనాల వేళైందని నిర్వాహకులు వాచీలు చూపిస్తుంటే కథ పూర్తి చెయ్యలేదు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ల సంగతులు రాయను. అవి మీకు కావలసినన్ని దొరుకుతాయి, నేను అంటించాల్సిన పని లేదు.

అంగట్లో నేర్చుకున్నది

మాది ధర్మవరంలో చిల్లర అంగడి. నాకు అటవీశాఖలో ఉద్యోగమొచ్చిందంటే మా నాయన తక్కెడ వదిలేసి నా మొహం చూశాడు. "మన తావ అడివి యాడుండాదమ్మా?" అన్నాడు. ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. అనంతపురం అడవి చూసి పై జిల్లాల నుంచి వచ్చిన ఆఫీసర్లు కూడా అదే అడిగేవాళ్లు. బోడిగుట్టలు, బండలు, కంపచెట్లు, ఎండిన వంకలు. "అడవి ఎక్కడమ్మా?" అంటే, "మీరు నిలబడింది అందులోనే సార్" అనేదాన్ని. మన దగ్గర అడవి జంతువులు సగం గుట్టల్లో ఉంటాయి, సగం రైతుల చేలల్లో ఉంటాయి. వాటికి వేరే ఇల్లు లేదు.

నేను జంతువుల గుంపులను చదవడం నేర్చుకుంది శిక్షణలో కాదు, మా అంగట్లోనే. పెళ్లి సరుకులకు పల్లెల నుంచి ఇంటిల్లిపాదీ వచ్చేవాళ్లు. మీసాలాయన ముందు నిలబడి గట్టిగా బేరమాడేవాడు. మా నాయన ఆయనకు ఊకొడుతూనే, వెనకాల బియ్యం మూట మీద కూర్చుని వక్కాకు నమిలే ముసలామె వైపు చూసేవాడు. ఆమె తల ఊపితే బేరం కుదిరినట్టు, లేచి కొంగు దులుపుకుంటే అందరూ వెళ్లిపోయినట్టు.

కృష్ణజింకల మందను మొదటిసారి చూసినప్పుడు నాకు మా అంగడే గుర్తొచ్చింది. రాయదుర్గం వైపు ఒక రైతు, శెనగచేలో పడ్డ మందను చూపించి, "ఆ కొమ్ముల నల్లోన్ని పట్టుకోని పోండి మేడమ్మా. వాడే దొంగల నాయకుడు. వాడు పోతే మిగతావన్నీ పోతాయి" అన్నాడు. నల్లటి మగజింక చూడ్డానికి దొరలాగే ఉంటుంది. మెడ విరుచుకుని అటూ ఇటూ నడుస్తుంది. నేను ఆ చేను గట్టున చాలా రోజులు కూర్చున్నాను. నల్లదాన్ని కుక్కలు తరిమి పంపించినా మంద కదల్లేదు. ముదురు ఆడజింక ఒకటి తలెత్తి గుట్ట వైపు నాలుగడుగులు వేసిందో లేదో, పిల్లాజెల్లాతో సహా అన్నీ దాని వెనకాల నడిచాయి. అందరికంటే గట్టిగా కనిపించేవాడు పెద్ద అనుకుంటే మీరు అడవిలోనూ మోసపోతారు, ఆఫీసులోనూ మోసపోతారు.

ఇక కోతుల సంగతి. ఊరి పేరు చెప్పను. యాత్రికులొచ్చే ఊరు, అరటిపళ్లకు కొదవలేదు. కోతుల గోల ఎక్కువైందని పై నుంచి ఒత్తిడి వస్తే, పట్టేవాళ్లను పిలిపించాం. వాళ్లు బోనులో పండు పెట్టి, దూరినవాటిని దూరినట్టు పట్టి, పక్క జిల్లా గుట్టల్లో వదిలేశారు. సగం కోతులు పోయాయి గనక సగం బాధ పోతుందని అప్పటి మా ఆఫీసరు లెక్క. ఫోటోలు కూడా దిగాడు. జరిగిందేమిటంటే, కొట్లాటలు తీర్చే పెద్దవన్నీ బోనెక్కాయి, అదుపు లేని కుర్రకోతులు ఊళ్లో మిగిలాయి. అవి వంటిళ్లలోకి దూరి అన్నం కుండలు ఎత్తుకుపోవడం మొదలుపెట్టాయి. అక్కడ వదిలినవాటిని అక్కడి కోతులు తరిమితే అవి ఇంకో పల్లె మీద పడ్డాయి. ఒక ఊరి తలనొప్పిని రెండు ఊళ్లకు పంచిన ఘనత మాది. కోతుల గుంపును కదిలించాలంటే మొత్తంగా కదిలించాలి, లేదా ఉన్నచోట ఉండనిచ్చి అరటిపళ్లు మానిపించాలి. సగం సగం పనికి మాత్రం దిగవద్దు.

ఈ రెండూ తలలో ఉండబట్టే గోనెసంచి వచ్చిన రోజు నేను మొండికేశాను.

గోనెసంచి

చలికాలం ముగుస్తున్న రోజులు. బత్తలపల్లె, ధర్మవరం మధ్య రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఆ పనికి గరుసుమట్టి తవ్వే జేసీబీ డ్రైవరు ఒకడు మధ్యాహ్నంపూట రొప్పుకుంటూ ఆఫీసులోకి వచ్చి, నా బల్ల మీద శెనక్కాయల గోనెసంచి పెట్టాడు. సంచి కదిలింది.

"మిట్ట తవ్వుతాంటే బొక్క కూలిపోయింది మేడం. లోపల కుక్కపిల్లలు అరుస్తాండాయి. అయ్యో అని ఎత్తుకోనొచ్చినా. చూస్తే ఇవి కుక్కల మాదిరి లేవు" అన్నాడు. పాపం, మంచివాడు. పట్టించుకోకుండా పోయేవాళ్లే ఎక్కువ.

మా బీటు ఆఫీసరు మస్తాన్ సంచి మూతి విప్పి చూసి, నా వైపు తిరిగాడు. మస్తాన్‌ది ధర్మవరమే. మనిషి ఎంత సన్నమో నోరు అంత పెద్దది, ఎప్పుడూ వాగుతూనే ఉంటాడు. ఆ పూట మాత్రం సంచిని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఎందుకంటే ముందురోజే మేమిద్దరం హైవే పక్కన లారీ గుద్ది చచ్చిపోయిన ఆడతోడేలును చూసి వచ్చాం. దాని పొదుగు పాలతో నిండి ఉంది. పిల్లలు ఎక్కడున్నాయో అని రోజంతా తిరిగాం, దొరకలేదు. అవి ఇప్పుడు తమంతట తామే మా బల్ల మీదికి వచ్చాయి.

"తల్లి లేని బిడ్డలు మేడం" అన్నాడు మస్తాన్.

జవాను పాలపీక కొనుక్కొస్తానని మందులషాపుకు బయలుదేరాడు. ఆగమన్నాను. బిర్యానీ అంగడి నుంచి కోడిమాంసం ముక్కలు పచ్చివి తెప్పించి, మస్తాన్‌ను చీల్చి పెట్టమన్నాను. మొదటి ముక్క పెట్టాడో లేదో, "అబ్బా! పండ్లుండాయి మేడం దీనికి!" అని వేలు ఊపుకుంటూ గంతేశాడు.

"పండ్లుంటే బతికినట్లే" అన్నాను. నాకు అప్పుడు కొంచెం ఊపిరి వచ్చింది. అవి పాలు ఒక్కటే తాగే వయసు దాటాయి. మాంసం తింటున్నాయి.

అప్పుడు జిల్లా ఆఫీసరుకు ఫోను చేశాను. ఆయనది కోస్తా, మర్యాదస్తుడు, కోపమొచ్చినా పేరు చివర 'గారు' తీసెయ్యడు. నేను చెప్పిందంతా విని, "పద్మావతి గారూ, జంతుప్రదర్శనశాలతో మాట్లాడతాను. రేపు పొద్దున్నే బండి వస్తుంది. బోనులో ఎక్కించి పంపించేయండి" అన్నాడు.

"సార్, వీటిని దొరికిన చోటే పెడితే ఇంటివాళ్లు తీసుకుపోతారు."

"తల్లి చచ్చిపోయిందని మీరే చెప్పారు కదండీ. తల్లే లేనప్పుడు ఎవరికి అప్పజెబుతాం?"

"తల్లి పోయింది సార్. ఇల్లు పోలేదు."

విడమరిచి చెప్పాను. ఆ తోడేళ్ల కుటుంబాన్ని నేనూ మస్తానూ చాలాకాలంగా చూస్తున్నాం. మగది ఒకటి, చచ్చిపోయిన ఆడది, కిందటేడు పుట్టి ఇంకా ఇల్లు వదలని కుర్ర మగవి రెండు. ఆ రెంటిలో ఒకదానికి చెవి చివర తెగి ఉంటుంది. తోడేళ్లింట్లో పిల్లల్ని సాకడం తల్లి ఒక్కదాని పని కాదు. వేటకు పోయినవి కడుపు నిండా తిని వస్తాయి. పిల్లలు వాటి మూతులు నాకితే కక్కి పెడతాయి. తండ్రీ పెడతాడు, అన్నలూ అక్కలూ పెడతారు. పాలు మరిచే వయసొచ్చాక పిల్లలు బతికేది ఆ కూడు మీదే.

"మనిషి చెయ్యి తగిలితే మళ్లీ దగ్గరికి తీసుకోవంటారు కదా?" అన్నాడు ఆయన.

"అంటారు సార్. ఆ మాట తోడేళ్లకు తెలీదు."

ఆయన చిన్నగా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి తన బాధ చెప్పుకున్నాడు. ఇంతకు ముందు పనిచేసిన చోట ఇలాగే వదిలిన పిల్లల్ని నక్కలు తినేశాయట. ఎవరో వీడియో తీసి ఊరంతా పంచారట. "ఆ మాటలన్నీ పడింది నేనేనండీ" అన్నాడు. మీరు పై అధికారుల్ని ఊరికే తిట్టుకోకండి. చాలాసార్లు వాళ్ల వెనకాల ఒక దెబ్బ ఉంటుంది, అది మనకు చెప్పరు.

చివరికి ఒప్పుకున్నాడు. రేపు పొద్దున బండి వచ్చేదాకా గడువు. అప్పటికి ఇంటివాళ్లు తీసుకుపోతే సరి, లేకుంటే నాలుగూ బోనెక్కాలి.

మంద

జేసీబీ ఆపించి మిట్ట దగ్గరికి వెళ్లాం. పాత బొరియ పూర్తిగా కూలిపోయింది. కానీ కొంచెం పైన రెండు గుండ్ల మధ్య మంచి సందు ఉంది. ముందర మోకాలెత్తు రాళ్లు పేర్చితే పిల్లలు బయటికి రాలేవు, పెద్దవి దూకి పోగలవు. నక్కలు రాకుండా కనిపెట్టుకుని మేముంటాం. అంతా బాగుంది. ఒక్కటే బాగాలేదు. మిట్ట కిందే, ఓబులేసు అనే రైతు చేలో, బీరప్ప మంద వేసి ఉంది.

మీలో పట్నాల నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతాను. శెనక్కాయ పంట తీశాక రైతు గొర్రెలాయన్ని పిలిచి చేలో మంద వేయించుకుంటాడు. పగలంతా మేసిన గొర్రెల్ని రాత్రి వల చుట్టి ఆ చేలోనే పండబెడతారు. రోజూ ఆ వలను కొంచెం జరుపుతూ పోతే చేను మొత్తానికీ ఎరువు పడుతుంది. మంద వేస్తానని మాటిచ్చి, చేను పూర్తికాకుండా మధ్యలో లేపేసి పోవడమంటే గొర్రెలాయనకు తలవంపులు. మళ్లీ ఆ చుట్టుపక్కల ఎవరూ పిలవరు. మందకు కాపలా కుక్కలుంటాయి. కుక్కలు అరుస్తుంటే ఏ తోడేలూ ఆ మిట్ట ఎక్కదు.

బీరప్పకు యాభై దాటి ఉంటుంది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, మొహంలో ఎప్పుడూ ఎవరిమీదో కోపం. నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"ఏం మేడమ్మా, ఆపొద్దు గంప కిందుండే గొర్రెపిల్లను తోడేలు ఎత్తుకపోయిందని పిలిస్తే మీ ఆఫీసోళ్లు ఒక్కరూ రాల్యా. ఈపొద్దు పిలవకుండానే వచ్చినారే?"

అన్నమాట నిజమే కాబట్టి పడ్డాను. సంచిలో ఏముందో చెప్పాను. మంద ఈ ఒక్క రాత్రికి అవతలి చేలోకి మార్చమని అడిగాను.

"మార్చల్నా? మీ తోడేళ్ల సంసారం చక్కబెట్టేదానికి నా మంద లేపల్నా?" అని గట్టిగా నవ్వాడు. నవ్వులో నవ్వు లేదు. "ఓబులేసన్నకు మాటిచ్చినా. చేను సగం గూడా కాలేదు. మద్దెలో లేపితే రేపు నన్ను ఎవురు పిలుస్తారు? అయినా ఆ పిల్లలు పెద్దయి ఎవురి గొర్రెల్ని తింటాయి? మావే కదా?"

"తినవని నేను చెప్పలేను బీరప్పా" అన్నాను. మీరు కూడా ఎప్పుడూ అట్లా చెప్పకండి. గొర్రెలవాళ్లకు తోడేలు సంగతి మనకంటే బాగా తెలుసు. అబద్ధం చెబితే ఆ తర్వాత మనం చెప్పే నిజం కూడా వినరు.

"మరింగేం, పోండి" అని అటు తిరిగాడు. మస్తాన్ బతిమాలాడు. బీరప్ప వినలేదు. గొర్రెపిల్లల్ని గంప కింద మూస్తూ, మా మొహం చూడకుండానే అన్నాడు: "అయినా మంద ఈడుంటే ఏమంట? తల్లి కదా. బిడ్డల కోసరం కుక్కలున్నా వస్తాది, ఎత్తుకోని పోతాది."

"తల్లి లేదన్నా. నిన్న లారీ గుద్ది సచ్చిపోయినాది" అన్నాడు మస్తాన్.

బీరప్ప చేతిలో గంప ఆగింది. "సచ్చిపోయిందా? మరి సాకేదెవురు?"

"వాటి నాయన. పోయినేడు పుట్టిన అన్నలు" అన్నాను.

"అన్నలా?"

"ఊ. యాడో తిని వచ్చి, వీటి ముందర కక్కి పెడతాయి."

బీరప్ప సంచి దగ్గరికి వచ్చి కూర్చుని, మూతి వెడల్పు చేసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. లోపల నాలుగూ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.

"నేను పాలు మరవకముందే మాయమ్మ పోయినాది" అన్నాడు. ఆ మాట మాకు చెప్పినట్టు లేదు. "మా అన్నకి, మా పెద్దోనికి, అప్పుడు మీసం గూడా రాల్యా. నన్ను గొంగట్లో ఏసుకోని మంద ఎనకాల తిరిగినాడు. సంగటి ముద్ద వాడు నమిలి నా నోట్లో పెట్టేవాడంట. ఇప్పుటికీ ఊర్లో అందరూ చెప్తారు."

అని లేచాడు. లేచి కుక్కను ఒక తిట్టు తిట్టాడు. "రాయే, ఏం చూస్తాండావు!" అని వల గుంజలు పీకడం మొదలుపెట్టాడు. మస్తాన్ ఉరికి రెండో వైపు పట్టుకున్నాడు. పీకుతూనే బీరప్ప మాకు గడువు పెట్టాడు. "ఈ ఒక్క రేత్రే మేడమ్మా. పొద్దున్నకి మీ తోడేళ్లు వచ్చినా, రాకున్నా, నా మంద మళ్లా ఈడికే వస్తాది." సరేనన్నాను. పైనుంచి ఒక గడువు, పక్కనుంచి ఒక గడువు.

ఓబులేసుకు ఫోను కూడా తనే చేశాడు. "అన్నా, ఈ రేత్రి మంద అవతల చేన్లో పండుతాది. నీ చేనికి తక్కువ చెయ్యను లే, నా మాట మీద నిలబడతా. ఏం లేదప్పా, తోడేళ్లింట్లో చావయింది" అన్నాడు. అవతల ఓబులేసు ఏమన్నాడో గానీ బీరప్ప ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నాడు.

తెల్లవారుజాము

సాయంత్రం పిల్లల్ని గుండ్ల సందులో పెట్టి రాళ్లు పేర్చి, పశువుల మేతకు వేసిన శెనక్కట్టె వామి చాటున దూరంగా కూర్చున్నాం. రాత్రి గురించి చెప్పడానికేమీ లేదు. చలి, మస్తాన్ గురక. పిల్లలు మధ్యమధ్య సన్నగా ఏడ్చాయి, ఎవరూ రాలేదు. నాకు రకరకాల ఆలోచనలు. తండ్రి కూడా ఏదైనా బండి కింద పడ్డాడేమో, జేసీబీ రొదకు బెదిరి ఊరే వదిలి పోయాయేమో, పొద్దున బండి డ్రైవరు ముందర నేను నాలుగు పిల్లల్ని బోనులో పెట్టాల్సి వస్తుందేమో. ఇన్నేళ్ల సర్వీసు చేసి, ఒక ఇంటిని విడగొట్టేదాన్ని నేనే అవుతానేమోనని ఏడుపొచ్చింది. చలికి ముక్కు కారుతోందని మస్తాన్‌కు చెప్పాను.

తూర్పు తెల్లబడుతుంటే ఎవరో వెనక నుంచి వచ్చి మా పక్కన కూర్చున్నారు. చూస్తే బీరప్ప, గొంగడి కప్పుకుని. ఇక్కడికెందుకొచ్చావు అన్నట్టు చూశాను. "మందకాడ మా ఆడది ఉండాది లే" అన్నాడు గుసగుసగా.

అప్పుడే మస్తాన్ నా మోచెయ్యి నొక్కాడు. వంక దాటి ఒక తోడేలు వస్తోంది. నాలుగడుగులు వేసి ఆగుతుంది, ముక్కు పైకెత్తుతుంది, మళ్లీ నడుస్తుంది. ముందు కూలిన బొరియ దగ్గరికి పోయి మట్టిని వాసన చూసింది. కాలితో గీరింది. ఎవరూ లేని ఇంటి ముందర నిలబడ్డట్టు నిలబడిపోయింది. అప్పుడు పైన పిల్ల ఒకటి కుయ్యిమంది. తోడేలు తల తిరిగింది. చెవి చివర తెగి ఉంది.

ఒక్క దూకు దూకి రాళ్ల లోపల పడింది. నాలుగూ దాని మూతి మీద పడి నాకాయి. అది తల వంచి, డొక్కలెగరేసి కక్కింది. పిల్లలు ఆ మాంసం మీద పడి కొట్లాడుకుంటూ తిన్నాయి. అది పక్కన నిలబడి వాటి వీపులు నాకుతోంది.

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మస్తాన్ "యా అల్లా" అన్నాడు. బీరప్ప గొంగడి అంచుతో మొహం తుడుచుకుని, "అన్నొచ్చినాడప్పా" అన్నాడు.

పొద్దు పొడిచేలోపు తండ్రి కూడా వచ్చాడు. వయసు మళ్లిన తోడేలు, మా వామి వైపు ఒక చూపు చూసింది. దానికి మా సంగతి తెలిసే ఉంటుంది. పిల్లను మెడ దగ్గర పట్టుకుని వంక దాటింది. చెవి తెగినది ఇంకోదాన్ని పట్టింది. అట్లా నాలుగింటినీ మోసుకుపోయాయి. చివరి పిల్ల ఒంటరిగా మిగిలినప్పుడు ఏడవబోయింది గానీ, అన్న తొందరగానే తిరిగొచ్చాడు.

హమ్మయ్య! ఆ రోజు విడిచిన ఊపిరి ఇంకా నాకు గుర్తుంది. రాత్రంతా కూర్చుని కాళ్లు పట్టేశాయి. బీరప్పా మస్తానూ చెరో చెయ్యి పట్టి లేపారు. జిల్లా ఆఫీసరుకు ఫోను చేస్తే మొదటి మోతకే ఎత్తాడు. ఆయన కూడా నిద్రపోలేదు.

"ఏమైంది పద్మావతి గారూ? వచ్చాయా?"

"వచ్చాయి సార్. ముందు అన్న వచ్చాడు. వెనకాల తండ్రి."

"నాకు చాలా సంతోషంగా ఉందండీ" అన్నాడు. అన్నాక కూడా ఫోను పెట్టెయ్యలేదు, ఒక్కొక్కటే ఎలా తీసుకుపోయిందీ మొదటి నుంచీ చెప్పించుకున్నాడు.

ఆఫీసుకు పోయేసరికి బండి వచ్చి ఉంది. డ్రైవరు బోను కడిగి, లోపల గడ్డి పరిచి మరీ పెట్టాడు. "ఇంత దూరమొచ్చి ఖాళీగా పోవల్నా మేడం?" అన్నాడు దిగులుగా. అతనికి ఇడ్లీలు తినిపించి, టీ తాగించి, ఖాళీగా పంపించాను. సర్వీసులో నేను ఎన్నో బండ్లకు ఎదురుచూశాను. వెనక్కి పోతుంటే ఇంత ఆనందపడింది ఆ ఒక్కదాన్ని చూసే.

మళ్లీ బీరప్ప

ఉగాది దాటాక ఒకరోజు బీరప్ప ఆఫీసుకు వచ్చాడు. వస్తూనే అరిచాడు. మళ్లీ గొర్రెపిల్ల పోయిందట. "మీరు సాకిన తోడేళ్లే! నేను మంద లేపి చోటిస్తే నా పిల్లనే ఎత్తుకపోతాయా?" అని గోడలు అదిరిపోయేలా తిట్టాడు. నేను విన్నాను. ఈసారి మస్తాన్‌ను వెంటనే వెంట పంపాను. గంపలకు బదులు ముళ్లకంపతో గట్టి దొడ్డి కట్టించి, పరిహారం ఇప్పించాను. అది వాళ్ల హక్కు, మనం పెట్టే దయ ఏమీ కాదు. పిలిచిన రోజే పోండి. నా ఉద్యోగంలో నేర్చుకున్నవాటిలో మీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

తిట్టడం అయ్యాక బీరప్ప మంచినీళ్లు తాగి, గొంగడి సర్దుకుని బయలుదేరాడు. గడప దాకా పోయి ఆగాడు.

"మేడమ్మా, ఆ అన్న బాగుండాడా?"

"ఎవురు, చెవి తెగినోడా?"

"ఊ. నేనడిగేది కాదు లే. మా పెద్దోడు అడిగి రమ్మన్నాడు."

ఆ వారమే గుట్టల వెనకాల చూశాను. పిల్లలు నాలుగూ పెరిగి, వంకలో ఒకదాన్నొకటి పడగొట్టుకుంటూ ఆడుకుంటున్నాయి. అది మాత్రం పక్కన ఎండలో పడుకుని ఉంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"పిల్లోల్లు నలుగురూ బాగుండారు బీరప్పా. అన్న మాత్రం బాగా చిక్కిపోయినాడు" అన్నాను.

"చిక్కకుండా యాడుంటాడు" అన్నాడు బీరప్ప. ఆయన నిజంగా నవ్వగా నేను చూసింది అప్పుడే. "మా వాడూ అట్లే చిక్కినాడంట."